విశ్వాసం లేనివానికి మద్యవిముక్తి మార్గమేది?

వార్షిక సంచిక తెలుగు విభాగానికి ఒక వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని సంపాదకవర్గ విద్యార్థులు కోరినపుడు, నేను ఏ ప్రబంధకవి వర్ణనలను గురించో, ఏ కుతుబ్‌షాహీ ప్రభువు ఆంధ్రభాషాభిమానాన్ని గురించో వ్రాస్తానని వారు ఆశించి ఉంటారు. గత సంచికలలో ఆ పని చేసి ఉన్నాను కూడ. ఈసారి మన్నించాలి. మన కళాశాల ఉన్న ఈ జహనుమాలో, ఇంజన్‌బౌలి నుండి ఫలక్‌నుమా వరకు గల వీధులలో, ఎవరూ పైకి చెప్పుకొనని బాధ ఒకటి కలదు. అందులో అందరూ మరచిపోయే ఒక చిన్న భాగాన్ని గురించి వ్రాయదలచాను.

మద్యపానం చెడ్డదని చెప్పడానికి వ్యాసం అక్కరలేదు. ఇస్లాం దానిని నిషేధించింది. గాంధీజీ 1941లో ప్రకటించిన నిర్మాణ కార్యక్రమంలో మత సామరస్యం, అస్పృశ్యతా నివారణ తరువాత మూడవ స్థానం మద్యనిషేధానిదే. మన రాజ్యాంగం 47వ అధికరణంలో దానిని ప్రభుత్వ కర్తవ్యంగా పేర్కొన్నది. ఇంతమంది పెద్దలు ఇంత గట్టిగా చెప్పిన తరువాత కూడ, 2019లో ప్రకటితమైన జాతీయ సర్వే ప్రకారం ఈ దేశంలో మద్యం కారణంగా సహాయం అవసరమైనవారు 5.7 కోట్లమంది. మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందగలిగారు. తక్కిన ముప్పదియేడుగురు ఎక్కడున్నారు? మన ఇళ్ళలోనే ఉన్నారు. మన ఉర్దూ విభాగం పుటలు తిరగవేస్తే సాకీ, మైఖానా, పైమానా లేని గజల్ కనబడడం అరుదు. కవితలో ఉన్నంతసేపు మద్యం మనకు ముద్దు. పక్కింటి అబ్బాయి తూలుతూ వస్తే మాత్రం తలుపు వేసుకొంటాము.

త్రాగుడు మానడం అసాధ్యమని అనేవారు మన పాతబస్తీని సరిగా చూడలేదనాలి. రంజాన్ నెల వచ్చిందంటే, ఏడాది పొడుగునా త్రాగిన మనిషి సీసా ముట్టడు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకొన్నవాడు నలుబదియొక్క దినాలు కల్లు కంపౌండు వైపు కన్నెత్తి చూడడు. ఇది దైవభక్తి మహిమ అని మనం చెప్పుకొంటాము. కావచ్చును, కాదనను. అయితే ఆ దినాలలో ఆ మనిషి చుట్టూ ఏమేమి ఉంటున్నవో కూడ గమనించాలి. మాల వేసినవానిని ప్రతి ఒక్కరూ "స్వామీ" అని పిలుస్తారు. సాయంత్రం కాగానే అతనికి వెళ్ళడానికి ఒక చోటు, కూర్చోవడానికి ఒక పంక్తి ఉంటవి. రోజా ఉన్నవానికి ఇఫ్తార్ వేళ పది చేతులు ఒకే పళ్ళెంలోకి వస్తవి. త్రాగుబోతుకు మిక్కిలి ప్రమాదకరమైన సాయంకాలపు గంట, ఆ నెలలో ఒంటరిగా గడవదు. ఈద్ మరునాడు, మాల తీసిన మరునాడు ఆ తోడు చెదరిపోతుంది. అనేకుల విషయంలో దానితోపాటు ఆ నిగ్రహమూ చెదరిపోతుంది.

మరి ఏ మాలా వేయనివాడు, ఏ రోజా పట్టనివాడు ఏమి కావాలి?

ఇది ఊహాప్రశ్న కాదు. ఛత్తాబజారులోని ఒక ముద్రణాలయంలో అక్షరాలు కూర్చిన మిత్రుడొకరు నాకు ముప్పది ఏళ్ళుగా తెలుసు. ఈ సంచిక తెలుగు పుటలు కూడ ఒకప్పుడు ఆయన చేతిమీదుగానే వెలువడినవి. సీసపు అక్షరాల కాలం పోయి ఆఫ్‌సెట్టు వచ్చిన తరువాత పని తగ్గింది, త్రాగుడు పెరిగింది. ఆయన యౌవనం నుండి దేవుణ్ణి నమ్మనివాడు. ఆ సంగతి దాచనూ లేదు, ఎవరితోనూ వాదించనూ లేదు. ఇంటివారు ఆయనను నగరంలో ఒక చికిత్సా కేంద్రంలో చేర్పించారు. అక్కడ ఉదయం ప్రార్థన, రాత్రి ప్రార్థన. తన కంటె పెద్దదైన శక్తికి లొంగిపోయినట్లు అందరి ఎదుట చెప్పాలి. ఈయన పండ్రెండు దినాలు ఓర్చుకొని, పదమూడవనాడు చెప్పలేనన్నాడు. నీకింకా మానాలనే మనసు లేదని వారు తేల్చివేశారు. తిరిగి వచ్చిన రోజున ఆయన నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉన్నది: "తాగుడు బందు చేసెతందుకు అబద్ధం మొదలువెట్టాల్నా సారూ?"

ఆ కేంద్రంవారి ఉద్దేశాన్ని నేను శంకించను. వారి పద్ధతికి మూలం 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు త్రాగుబోతులు పరస్పరం తోడుగా నిలవడంతో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం. రుసుము లేదు, రిజిస్టరు లేదు, పేరు బయటపెట్టరు. లోకంలో ఎన్ని లక్షల కుటుంబాలను ఆ సంఘం నిలబెట్టిందో లెక్కకట్టలేము. 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష కూడ, మద్యం పూర్తిగా మానివేయించడంలో ఆ మార్గం ఇతర చికిత్సలకు తీసిపోదని, కొన్నింటికంటె మిన్న అని తేల్చింది. అయితే 1939లో వారు గ్రంథస్థం చేసిన పండ్రెండు మెట్లలో ఆరింట భగవంతుడో, మానవాతీత శక్తియో ప్రత్యక్షంగా ప్రస్తావింపబడినది. ఆనాడే నాస్తికభావాలుగల సభ్యులు అభ్యంతరం తెలుపగా, "మేము అర్థం చేసుకొన్న రీతిలో" అనే సడలింపు చేర్చారు. ఆ సడలింపుతో ఎందరో సమాధానపడ్డారు, కొందరు పడలేకపోయారు. సభ్యత్వానికి త్రాగుడు మానాలనే కోరిక తప్ప వేరే అర్హత అక్కరలేదని ఆ సంఘమే చెప్పుతుంది. ఆ మాటను అక్షరాలా పట్టుకొని 1975లో షికాగోలో కొందరు సభ్యులు ప్రార్థన లేని సమావేశాన్ని అదే సంఘంలో ప్రారంభించుకొన్నారు.

కొందరు బయటికి నడిచారు. అదే 1975లో జీన్ కర్క్‌పాట్రిక్ అనే సామాజిక శాస్త్రవేత్త స్త్రీలకోసం వేరే సంఘం స్థాపించారు. తాను అశక్తురాలనని మాటిమాటికి ఒప్పుకోవడం, అసలే అణగద్రొక్కబడిన స్త్రీకి ఔషధం కాజాలదని ఆమె వాదం. త్రాగుడు మానిన జేమ్స్ క్రిస్టఫర్ 1985లో మతప్రసక్తి లేని విముక్తిని గురించి వ్యాసం వ్రాయగా, మరునాడే కాకపోయినా మరుసటి ఏటికి ఆయన సమావేశాలు ఆరంభమైనవి. 1994 నుండి స్మార్ట్ రికవరీ అనే సంస్థ మనస్తత్వవేత్త ఆల్బర్ట్ ఎల్లిస్ సిద్ధాంతాలను ఆధారం చేసుకొని పనిచేస్తున్నది. పేర్ల పట్టిక ఇంతటితో చాలు. ఆ గదులలో ఏమి జరుగుతుందన్నదే మనకు కావలసినది.

ఏడెనిమిదిమంది గుండ్రంగా కూర్చొంటారు. ఈ వారం ఎట్లా గడిచిందని ఒకరినొకరు అడుగుతారు. ఎవరికైనా మనసు లాగితే, ఆ లాగుడు అల వంటిదని, లేచి, కొన్ని నిమిషాలు నిలిచి, విరిగిపోతుందని అనుభవజ్ఞులు చెప్పుతారు. ఆ నిమిషాలు గడిపే ఉపాయాలు చెప్పుకొంటారు. ఒక కాగితం మీద నాలుగు గళ్ళు గీస్తారు: త్రాగితే లాభం, త్రాగితే నష్టం, మానితే లాభం, మానితే నష్టం. మొదటి గడిని ఖాళీగా వదలనీయరు, ఎందుకంటే లాభమేమీ లేకపోతే ఎవడూ త్రాగడు. నా మిత్రుడు ఆ గడిలో "నిద్ర" అని ఒక్క మాట వ్రాశాడు. అది చూసిన తరువాతనే, ఆయనకు నిజంగా లేనిది నిద్ర అని, దానికి వేరే వైద్యం ఉన్నదని మాకు తెలిసింది. అక్కడ దేవుడు ఉన్నాడని గాని, లేడని గాని ఎవరూ అనరు. భక్తుడు కూడ రావచ్చును. లౌకికం అంటే మతద్వేషం కాదని మన పౌరశాస్త్రం అధ్యాపకులు చెప్పేది ఇదే.

ఈ సంఘాలు పనిచేస్తున్నవా అని అడగడం న్యాయం. 2018లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధన, స్త్రీల సంఘాన్ని, స్మార్ట్ రికవరీని, లైఫ్‌రింగ్ అనే మరొక లౌకిక సంఘాన్ని పండ్రెండు మెట్ల మార్గంతో పోల్చి, పూర్తిగా మానాలనే సంకల్పం సమానంగా ఉన్నవారిలో ఫలితాలు కూడ ఇంచుమించు సమానమేనని చూపింది. వాటి అసలు లోపం వేరు: అవి అరుదు. ఈ రాత్రి చేయి వణుకుతున్నవానికి ఈ రాత్రి దొరికేది పాత సంఘమే. మన నగరంలో ఆ సంఘం సమావేశాలు జరుగుతున్నవి. ఎవరైనా అక్కడికి పోదలిస్తే నేను ఆపను, తోడుగా వస్తాను.

తెలుగువారికి ఈ భావం పరాయిది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించినది రాత్రి బడి బలంతో. అక్షరదీపం వాచకంలోని సీతమ్మ కథ వారిని కదిలించింది. దూబగుంట రోశమ్మ పేరు అప్పటి నుండి అందరికీ తెలిసినదే. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి, ఆ సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయినది. ఆ స్త్రీలకు కూర్చోవడానికి రాత్రి బడి ఉండెను. దుకాణం మూసిన మరునాటి సాయంత్రం వారి భర్తలు ఎక్కడ కూర్చోవాలన్నది మాత్రం ఎవరూ ఆలోచించినట్లు లేదు. ఇది నా అభిప్రాయం. ఉద్యమాన్ని తక్కువ చేయడం కాదు. ఇక నమ్మకం లేనివానికి నీతి ఉండదనే పెద్దలు, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరాను, స్టూవర్టుపురంలో నేరవృత్తి మాన్పించడానికి శ్రమించిన లవణం, హేమలతా లవణం దంపతులను ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి.

ఒక హెచ్చరిక. ఏండ్ల తరబడి త్రాగినవాడు ఒక్కసారిగా మానడం వీరత్వం కాదు, ప్రాణాపాయం. వణుకు, మూర్ఛలు, మతిభ్రమణం రెండు మూడు దినాలలో రావచ్చును. 2020 మార్చిలో దుకాణాలు ఉన్నట్టుండి మూతపడినపుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం బారులు తీరడం మనమందరం చూశాము. కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం కలిపే దుర్మార్గం ఉన్నచోట ఈ అపాయం ఇంకా ఎక్కువ. ముందు వైద్యుడు, తరువాతనే సమావేశం.

పాలకవర్గ పెద్దలతో నాలుగు మాటలు. మైనారిటీ విద్యాసంస్థ త్రాగుబోతులకు, అందులోనూ నమ్మకం లేనివారికి, గది ఇవ్వడమేమిటని ఆక్షేపణ రాగలదు. మనకు ఈ సంస్థను నడుపుకొనే హక్కు ఇచ్చినది రాజ్యాంగం 30వ అధికరణం. అంతకు కొంచెం ముందు 28వ అధికరణం, సమ్మతి లేకుండ ఏ విద్యార్థినీ మతబోధకు నిర్బంధించరాదంటున్నది. ఆ రెండూ ఒకే అంతరాత్మను కాపాడుతున్నవి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్య సంబంధమైన మానసిక వ్యాధులను తన పరిధిలో చేర్చి, చికిత్సలో మతాన్నిబట్టి గాని, సామాజిక, రాజకీయ విశ్వాసాలనుబట్టి గాని భేదం చూపరాదన్నది. అమెరికాలో 1996లో న్యూయార్కు రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం, కుటుంబాన్ని కలుసుకొనే ప్రత్యేక సౌకర్యం కావాలంటే మతస్వభావంగల ఈ సమావేశాలకు పోవలసిందేనని ఒక నాస్తిక ఖైదీని నిర్బంధించరాదని తీర్పు చెప్పింది. ఖైదీకి ఉన్న ఈ మర్యాద మన విద్యార్థికి ఉండవద్దా? సోమవారం ఉదయం హాజరు పట్టికలో ఎవరి పేరు ఎదుట ఎన్ని సున్నలు పడుతున్నవో నేను పిలుస్తూనే ఉన్నాను. ఈ పేటలో నమ్మకం లేని యువకుడు రెండు రహస్యాలు మోస్తాడు: త్రాగుడు ఒకటి, అవిశ్వాసం రెండవది. మొదటిదానికి సహాయం కావాలంటే రెండవది దాచవలసి వస్తే, అతడు రెంటినీ దాచుతాడు.

నా మిత్రుడు త్రాగుడు మాని పదునాలుగు నెలలైనది. మధ్యలో రెండుసార్లు జారినాడు. అది కూడ దాచలేదు. ఆదివారం సాయంత్రాలు ఆయన అద్దె గదిలో నలుగురు కూర్చొంటున్నారు. వారిలో ఒకరు ఐదు పూటలా నమాజు చేసేవారు, మగ్రిబ్ ముగించుకొని వస్తారు. మరొకరు గత కార్తీకంలో మాలతోనే వచ్చారు. ఇంటి యజమాని ఆ గది ఖాళీ చేయమన్నాడు. గ్రంథాలయం పక్కన మన పాత స్టోరు గది ఉన్నది. ఆదివారం మగ్రిబ్ తరువాత ఒక గంటన్నర, ఒక దీపం, ఎనిమిది కుర్చీలు కావాలి. తాళపుచెవి బాధ్యత నేను వహిస్తానని దరఖాస్తులో వ్రాసి, ప్రిన్సిపాలుగారి కార్యాలయంలో ఇచ్చి ఉన్నాను.