పుచ్చుకున్నవాడే సాక్షి

యూరప్‌లో పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడికి ముప్పై ఏళ్లు దాటేసరికి ఆత్మకథ వచ్చేస్తుంది. దాన్ని రాసేది చాలాసార్లు ఒక పాత్రికేయుడు. ఆటగాడు గంటల తరబడి మాట్లాడతాడు. పాత్రికేయుడు రికార్డు చేసుకుని, ‘నేను’ అంటూ పుస్తకం కడతాడు. ఇందులో తప్పేమీ లేదు. బంతిని అదుపు చేయడం వేరు, వాక్యాన్ని అదుపు చేయడం వేరు. నాకు అభ్యంతరం రెండు చోట్ల ఉంది. ఒకటి, రాసినవాడి పేరు దాచడం. రెండు, అరువు తెచ్చిన ఆ ‘నేను’ చేత ఆటగాడి దానధర్మాలను కూడా చెప్పించడం.

అరువు మాట ఎంత దూరం పోతుందో ఐర్లండ్ ఆటగాడు రాయ్ కీన్‌కు బాగా తెలుసు. 2001 ఏప్రిల్‌లో మాంచెస్టర్ సిటీ ఆటగాడు హాలాండ్ మోకాలి మీదకు ఆయన దూసుకెళ్లినందుకు అప్పుడే రెడ్ కార్డు, శిక్ష అయిపోయాయి. మరుసటి ఏడాది ఆత్మకథ వచ్చింది. అందులో అది పాత పగ తీర్చుకోవడంగా కనబడింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం మళ్లీ విచారించి అయిదు మ్యాచ్‌ల నిషేధం, లక్షన్నర పౌండ్ల జరిమానా వేసింది. ఆ మాటల కూర్పు తనదేనని పుస్తకం రాసిన ఈమన్ డన్‌ఫీ సాక్ష్యం చెప్పినా లాభం లేకపోయింది. ‘నేను’ అన్నాక అది కీన్ మాటే. స్వీడన్ ఆటగాడు జ్లాటన్ పుస్తకం రాసిన డేవిడ్ లాగర్‌క్రాంట్స్ అయితే, అందులో జ్లాటన్ నోటి నుంచి యథాతథంగా వచ్చిన మాటలు చాలా తక్కువని తర్వాత తానే చెప్పాడు.

కోపం విషయంలోనే ఇంత తేడా వస్తే, మంచితనం సంగతి ఏమిటి? ఇలాంటి పుస్తకాల్లో సేవా కార్యక్రమాల అధ్యాయం దాదాపు ఒకే అచ్చులో ఉంటుంది. ఆటగాడు ఆసుపత్రికి వెళతాడు, మంచం మీద ఉన్న పిల్లవాణ్ని చూస్తాడు, కదిలిపోతాడు. ఆ పిల్లవాడి ఊరేది, వైద్యం జరిగిందా, ఇప్పుడు ఏం చేస్తున్నాడు అన్నవి పేజీలో ఉండవు. ఇచ్చినవాడి మనసులో ఏం జరిగిందో మూడు పేజీలుంటాయి, పుచ్చుకున్నవాడి ఇంట్లో ఏం జరిగిందో మూడు వాక్యాలు కూడా ఉండవు. ఆ అధ్యాయాన్ని నేను నమ్మలేను. ఆటగాడు అబద్ధమాడాడని కాదు, చూసి చెప్పేవాడు అందులో లేడని.

గుప్తదానానికీ చాటుకున్న దానానికీ తేడా తిరుపతివాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. కొండ మీద శ్రీవారి కొప్పెరలో ముడుపు వేసినవాడికి రసీదు లేదు. వేసిందెవరో పరకామణిలో లెక్కపెట్టేవాళ్లకూ తెలియదు. అన్నప్రసాదం ట్రస్టుకు ఇచ్చినవాళ్లకు రసీదు ఉంటుంది, మొత్తాన్ని బట్టి దర్శనం సౌకర్యాలు కూడా ఉంటాయి. రెండో పద్ధతిని నేను తక్కువ చేయను, వేలమంది ఆకలి తీరుతున్నది దానివల్లే. కాకపోతే రసీదు తీసుకున్నదాన్ని ఎవరూ గుప్తదానం అనరు. పుస్తకంలో అచ్చయిన దానం రసీదు తీసుకున్న దానమే.

ఎవరూ చెప్పకపోతే మంచి ఎలా బయటికొస్తుంది అంటారా? పుచ్చుకున్నవాళ్లు చెబుతారు. చిత్తూరు నాటక సమాజం నుంచి వచ్చి ఆ ఊరి పేరే ఇంటిపేరు చేసుకున్న నటుడు నాగయ్య చేతికి ఎముక లేదని మనకు ఎలా తెలుసు? ఆయన ఇంట్లో తిన్నవాళ్లు, ఆయన దగ్గర పుచ్చుకున్నవాళ్లు చెప్పుకోబట్టి. మారడోనా నపోలీకి ఆడే రోజుల్లో, ఒక పిల్లవాడి ఆపరేషన్ ఖర్చు కోసం క్లబ్ వద్దన్నా వినకుండా అచెర్రా అనే చిన్న ఊళ్లో బురద మైదానంలో మ్యాచ్ ఆడాడు. ఆగి ఉన్న కార్ల మధ్య ఒళ్లు వేడెక్కించుకుంటున్న ఆయన్ను పాత వీడియోలో ఇప్పటికీ చూడొచ్చు. ఆ ఊరు దాన్ని ఇంతవరకూ మరవలేదు.

మనకు అంతకంటే దగ్గరి సాక్ష్యం ఉంది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ బీదరికంలో పెరిగాడు. పోలీసులు వాడి పారేసిన బూట్లతో మోచీ చేత ఆట బూట్లు కుట్టించుకున్నాడు. అతని ఆట చూసి రమ్మన్న కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్‌తో, రోజూ అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడు. సైకిల్ అద్దె రహీమ్ ఇచ్చారు. రహీమ్ ధనవంతుడేం కాదు, బడిపంతులుగా పనిచేసినవాడు. ఆ సైకిల్ మీద వచ్చిన కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన భారత జట్టులో ఉన్నాడు. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో రహీమ్ శిక్షణలోని భారత జట్టు స్వర్ణం గెలిచింది. మరుసటి జూన్‌లో క్యాన్సర్‌తో రహీమ్ పోయారు. ఆయన ఆత్మకథ రాయలేదు. సైకిల్ అద్దె సంగతి మనకు తెలిసిందంటే బలరామ్ చెప్పబట్టే. రహీమే తన పుస్తకంలో రాసుకుని ఉంటే ఆ సైకిల్‌కు ఇంత విలువ ఉండేదా?

2023 ఫిబ్రవరిలో బలరామ్, అదే ఏడాది ఆగస్టులో మరో హైదరాబాద్ ఆటగాడు మహమ్మద్ హబీబ్ పోయారు. బలరామ్ పక్కన ఆడిన చునీ గోస్వామి బెంగాలీలో తన కథ రాసుకున్నారు. మన పుస్తకాల షాపుల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ స్వర్ణయుగం ఆటగాళ్లలో ఒక్కరి ఆత్మకథ అయినా తెలుగులో నాకు కనబడలేదు. రహీమ్ పేరు ఈ తరానికి తెలియడానికి 2024లో హిందీ సినిమా ‘మైదాన్’ రావాల్సి వచ్చింది. ఇది నాకు బాధ కలిగించే విషయం.

ఒకరి కథ ఇంకొకరు రాయడం మనకు కొత్తా? టంగుటూరి ప్రకాశం ‘నా జీవిత యాత్ర’ మొదటి మూడు భాగాలు ఆయనవి, నాలుగోది తెన్నేటి విశ్వనాథం రాశారు, రాసినట్టు పేరు పెట్టుకున్నారు. మల్లు స్వరాజ్యం చెబుతుంటే విమల, కాత్యాయని రాసిన ‘నా మాటే తుపాకి తూటా’లో వినేవాళ్లెవరో పాఠకుడికి తెలుసు. వీవీఎస్ లక్ష్మణ్ 2018 నాటి ఇంగ్లీషు ఆత్మకథ మీద ఆర్. కౌశిక్ పేరుంది. వీటిలో దేనికీ విలువ తగ్గలేదు.

దానాన్ని చాటి చెప్పడమే మేలు అనేవాళ్ల వాదననూ తీసిపారేయను. 2017లో స్పెయిన్ ఫుట్‌బాల్ ఆటగాడు హువాన్ మాటా తన జీతంలో ఒక శాతం ఇస్తానని బహిరంగంగా చెప్పాకే ‘కామన్ గోల్’ అనే సేవా కార్యక్రమంలో ఇతర ఆటగాళ్లు చేరారు. మన సీమలోనే అనంతపురంలో ఆర్డీటీ అనే సేవా సంస్థ ఆవరణలో టెన్నిస్ ఆటగాడు నాదల్ పేరుతో టెన్నిస్ బడి ఉంది. ఆ పేరు చూసే అక్కడికి కొంత సాయం వచ్చి ఉంటుంది. అలాంటివి సంస్థలు, వాటికి లెక్కలుంటాయి, లెక్కలు చాటాల్సిందే. ఒక మనిషి ఇంకో మనిషి చేతిలో పెట్టినదానికి ఆ సూత్రం వర్తించదు. ఫీజు ఎవరు కట్టారో బయటపెట్టడం పుచ్చుకున్న కుటుంబానికి ఇష్టం లేకపోవచ్చు. చెప్పాలా వద్దా అన్నది వాళ్ల హక్కు.

రాసేవాళ్లు అందుకే గడప మార్చాలి. ఎస్వీ యూనివర్సిటీలో తెలుగు శాఖ ఉంది, వ్యాయామ విద్య శాఖా ఉంది. రెండు శాఖల విద్యార్థులు జంటలుగా రికార్డర్ పట్టుకుని తిరుపతి, చిత్తూరు జిల్లాల హైస్కూళ్లకు వెళ్లవచ్చు. పోటీలకు పోయే పిల్లల బస్సు చార్జీలు, బూట్లు సొంత జీతంలో భరించిన పీఈటీలు మన జిల్లాల్లో ఉన్నారు. వాళ్లను అడిగితే ఏముందిలే సార్ అంటారు. ఆ పిల్లలు ఇప్పుడు కానిస్టేబుళ్లు, కండక్టర్లు, టీచర్లు అయ్యారు. ముందు వాళ్లను అడగాలి. హైదరాబాద్‌లో షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ తరం దగ్గరికీ ఎవరైనా ఇలాగే వెళ్లాలి, వాళ్లతో ఆడినవాళ్లను, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లను కూర్చోబెట్టి వినాలి. పుస్తకం అట్ట మీద చెప్పినవారి పేరు, కిందనే రాసినవారి పేరు వేయాలి.