పులికాట్ తీరం - విదేశీ నౌకల తనిఖీ

రేవుకు వచ్చిన విదేశీ నౌక భద్రతా, కాలుష్య నివారణ నియమాలను పాటిస్తున్నదో లేదో ఆ రేవు గల దేశం పరిశీలించడాన్ని పోర్టు స్టేట్ కంట్రోల్ అంటారు. పులికాట్ సరస్సుకు ఉత్తరాన కృష్ణపట్నం, దక్షిణాన ఎన్నూరు రేవులున్నాయి. ఇక్కడ తనిఖీ చేసేది రేవు యాజమాన్యం కాదు, కేంద్ర ప్రభుత్వ సర్వేయర్లు. మొదట ధ్రువపత్రాలను, ఓడ సాధారణ స్థితిని చూస్తారు. అనుమానం కలిగితే యంత్రాలను, ప్రాణరక్షక పడవలను లోతుగా పరీక్షిస్తారు. తీవ్రమైన లోపముంటే సరిచేసేవరకు ఓడను కదలనివ్వరు. హిందూ మహాసముద్ర దేశాల ఉమ్మడి తనిఖీ ఒప్పందం 1999 నుండి అమలులో ఉన్నది.

2017 జనవరి 28న ఎన్నూరు వద్ద విదేశీ నౌక బి.డబ్ల్యు. మేపుల్, భారతీయ నౌక డాన్ కాంచీపురం ఢీకొన్నాయి. రెండవదాని నుండి ఒలికిన చమురు చెన్నై తీరాన్ని ముంచెత్తి జాలరుల జీవనోపాధిని దెబ్బతీసింది. స్వదేశీ నౌకలు ఈ తనిఖీ పరిధిలోకి రావు. వాటికి వేరే తనిఖీ ఉన్నది. పైగా ధ్రువపత్రాలు సక్రమంగా ఉన్నంత మాత్రాన ఓడలు ఢీకొనకుండా ఉండవు. కావున పులికాట్ జాలరులకు రేవు ముఖద్వారంలో రాకపోకల నియంత్రణ, చమురు తొలగింపు సన్నద్ధత కూడా అంతే అవసరం.