పాత సిస్టమ్‌లను పారేయనివ్వొద్దు



"4 జీబీ ర్యామ్ సిస్టమ్ ఇక దండగ, కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోండి" అని మనకు తేలిగ్గా చెప్తున్నారు. నూజెండ్ల తండాల్లో మిరప కోతలకు కూలికెళ్లే అమ్మానాన్నలు ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారు?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 ఉండాలన్నారు. మిషన్ బానే ఉంది, మారింది రూలు.

మనకు కావాల్సింది ఏంటి? నోట్స్ రాసుకోవాలి, రికార్డులు ఫోల్డర్లలో సర్దుకోవాలి, సి, పైథాన్ ప్రోగ్రాములు టైప్ చేయాలి. దానికి లుబుంటు చాలు. ఫైళ్లకు పీసీమ్యాన్‌ఎఫ్‌ఎం అందులోనే వస్తుంది. ప్రోగ్రాములకు జీనీ వేసుకోవచ్చు. విండోస్ వదలలేం అంటారా, 2003 నుంచి ఉన్న నోట్‌ప్యాడ్++ కొన్ని ఎంబీలే. అన్నీ ఫ్రీ. దొంగ కాపీలతో వైరస్‌లు తెచ్చుకునే ఖర్మ మనకెందుకు?

"అవి పేదోళ్ల సాఫ్ట్‌వేర్లు" అని నవ్వేవాళ్లకు ఒకటే మాట: కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. స్వేచ్ఛ వాళ్లు తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు. ఉద్యోగానికి వర్డ్, ఎక్సెల్ అడుగుతారు, నిజమే. అవీ నేర్చుకుందాం. కానీ అవి కొనేదాకా చేతులు కట్టుకుని కూర్చోం. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే పాత సిస్టమ్ మొరాయిస్తుంది, రెండుతో సర్దుకుందాం.

హాస్టల్ మూలన దుమ్ము పట్టిన సిస్టమ్‌లను పాతసామాన్లోళ్లకు వేయొద్దని వార్డెన్ గారిని కలిసి అడుగుదాం. ముందు పాత ఫైళ్లు కాపీ చేసి దాచుదాం. ఒక పెన్‌డ్రైవ్, ఒక ఆదివారం చాలు. ఇంట్లో మొట్టమొదట కాలేజీ గడప తొక్కినోళ్లం, కీబోర్డు దగ్గర ఆగిపోతామా?