మిరపచేనులో మిగిలిపోవు షీటు

మిరప ఏరుట ముగిసిన తరువాత ఒకసారి మీ చేనిగట్టున నిలిచి చూడండి. కట్టె పీకి కుప్ప వేసి యుందురు. డ్రిప్పు పైపులు చుట్టి ఇంటికి చేర్చి యుందురు. బోదెలమీద పరచిన మల్చింగు షీటు మాత్రము సగము చినిగి, సగము మట్టిలో కూరుకొని అక్కడనే యుండును. మరిపెడ, డోర్నకల్ వైపు పోయినను, చిట్యాల, మొగుళ్ళపల్లి వైపు పోయినను వేసవిలో ఈ దృశ్యము కానవచ్చును. కొలదిదినములకు ట్రాక్టరు వచ్చి రోటవేటరు త్రిప్పును. షీటు ముక్కముక్కలై మట్టిలో చేరును. కంటికి కనబడకపోవుటచే పీడ విరగడయైనదని మనము అనుకొందుము.

షీటును తప్పు పట్టుటకు నేనిది వ్రాయుట లేదు. దానిని మీకు చెప్పినది నాబోటి ఉద్యోగులే. నేలలో తడి నిలుచును, కలుపు కూలి తగ్గును. 2021-22లో నల్ల తామరపురుగు మిరపను ఊడ్చివేసినప్పుడు వెండిరంగు షీటు వెలుతురును త్రిప్పికొట్టి పురుగును కొంత దూరము చేయునని తెలిసి ఎందరో దానిని పరచిరి. ప్రభుత్వ సహాయము కూడ పరచుటకే దొరకుచున్నది. కాని ఎట్లు పరచవలెనో పొలములో నిలిచి చూపిన మేము, ఎట్లు తీయవలెనో ఏనాడు చూపలేదు. ఈ లోపము మాది.

కొంచెము లెక్క చూతము. ఐదడుగుల దూరమున బోదెలు తోలి, నాలుగడుగుల వెడల్పు షీటు పరచినచో ఎకరమునకు సుమారు 8,700 అడుగుల పొడవు షీటు పట్టును. 25 మైక్రానుల మందమైనచో దాని బరువు ఇంచుమించు 75 కిలోలు. మీరు శ్రద్ధగా ఏరి తీసినను పదవ వంతు మట్టిలో మిగిలినదనుకొందము. అనగా ఏడాదికి ఏడు కిలోలకు పైబడిన పాలిథీను. ఇట్లు పదేండ్లు మిరప వేసిన ఎకరములో ఒక పూర్తి పంటకు పరచునంత షీటు పాతిపెట్టినట్లే. పశువుల ఎరువు ఏటేట చివికి నేలకు బలమగును. పాలిథీను అట్లు చివుకదు. వేరుకు అడ్డము, నీటికి అడ్డము. కట్ట గడ్డితోపాటు పశువు కడుపులోనికి పోవుటయు కలదు. చైనాలో పత్తి పండించు ప్రాంతములలో ఈ ముక్కల బెడద ముదిరి, వారు దానిని ‘తెల్ల కాలుష్యము’ అని పిలిచిరి. మరీ పలుచని షీటు ఏరుటకు రాక చినిగిపోవుచున్నదని, కనీస మందమును 10 మైక్రానులుగా నిర్ణయించుచు 2017లో కొత్త ప్రమాణము తెచ్చిరి.

ఇప్పుడు కొందరు వ్యాపారులు ‘మట్టిలో కరిగే షీటు’ అని తెచ్చుచున్నారు. గ్రామోద్యోగులు కూడ నన్ను దీనిని గురించి అడుగుచున్నారు. ఇందులో నిజము కలదు, మోసము కూడ కలదు. రెంటిని వేరుచేయుటకు కొంత శాస్త్రము తెలియవలెను.

పాలిథీను 1933లో ఇంగ్లండులో అనుకోకుండ పుట్టినది. అందులో బొగ్గుపరమాణువులు పొడుగాటి గొలుసుగా అతుకుకొని యుండును. మట్టిలోని సూక్ష్మజీవులు ఆ గొలుసును త్రెంచి తినలేవు. కరగు ప్లాస్టిక్కులలో మాత్రము గొలుసు నడుమ నడుమ నీటికిని, సూక్ష్మజీవుల రసములకును తెగిపోవు కణుపులు ఉండును. అవి తెగిన తరువాత మిగిలిన చిన్నముక్కలను సూక్ష్మజీవులు తిని, బొగ్గుపులుసు గాలిగా విడిచిపెట్టును. ఇట్టి పదార్థమును సూక్ష్మజీవులు తమంతట తామే చేసికొనుటయు కలదు. మనము గాదెలో గింజ దాచుకొన్నట్లు ఒక జాతి బాక్టీరియా తన ఒంటిలో ఆహారముగా దాచుకొను ఇట్టి పదార్థమును 1926లో ఫ్రాన్సులో లెమోయిన్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను.

ఇక్కడ మన మక్కజొన్న రైతు తప్పక గ్రహింపవలసిన మాట ఒకటి కలదు. మక్కల పిండి నుండి చక్కెర తీసి, దానిని పులియబెట్టి, పాలీలాక్టిక్ ఆమ్లము అను ప్లాస్టిక్కు చేయుదురు. ‘మక్కలతో చేసినది కదా, మట్టిలో తప్పక కలియును’ అని మీకు తోచును. కాని అది కరగుటకు 60 డిగ్రీల వరకు వేడి కావలెను. పెద్ద కంపోస్టు కర్మాగారములో ఆ వేడి ఉండునుగాని, మీ చేనిలో ఉండదు. చేనిలో అది ఏండ్ల తరబడి నిలువగలదు. మరియొక వింత వినండి. పి.బి.ఎ.టి. అను మెత్తని ప్లాస్టిక్కును పెట్రోలియము నుండియే చేయుదురు. అయినను మట్టిలోని సూక్ష్మజీవులు దానిని తినగలవు. బ్రెజిల్‌లో 2010 నుండి చెరకు సారాయితో పాలిథీను చేయుచున్నారు. చెరకు నుండి పుట్టినను అది పాలిథీనే, చివుకదు. కనుక దేనితో చేసితిరని అడిగి ఊరుకొనక, మట్టిలో ఏమగునని అడుగవలెను.

పాలీలాక్టిక్ ఆమ్లము గట్టిది, పెళుసు. పి.బి.ఎ.టి. మెత్తన, సాగును. మట్టిలో ఊక కలిపి గోడ పెట్టినట్లు ఈ రెంటిని కలిపియో, వానికి పిండిపదార్థము చేర్చియో పనికివచ్చు షీటు తీయుదురు. ఈ మేళవింపులమీదనే నేడు పరిశోధన ఎక్కువగా సాగుచున్నది. మన హైదరాబాదులో అగ్ని క్షిపణుల పని చేయు రక్షణ పరిశోధన సంస్థవారు ఇట్టి సంచులు తయారుచేయగా, 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూ ప్రసాదము కొఱకు వానిని ప్రవేశపెట్టిరి. 90 దినములలో విచ్ఛిన్నమగునని అప్పుడు ప్రకటించిరి. మంచిదే. కాని లడ్డూ సంచి ఒక పూట నిలిచిన చాలును. మిరపచేనిలో షీటు ఆగస్టు, సెప్టెంబరులలో పరచినది మొదలు మార్చి వరకు ఎండకు, వానకు, డ్రిప్పు తడికి, కూలీల కాళ్ళ త్రొక్కిడికి ఓర్వవలెను. ముందే చినిగినచో కలుపు లేచును. ఈ చిక్కు తేలనిదే మిరపకు కరగు షీటు వేయుడని నేను చెప్పజాలను. పుచ్చకాయ, కీరదోస వంటి స్వల్పకాలపు పంటలకైతే ఇప్పుడే పరీక్షింపదగినదని నా అభిప్రాయము. ఖరీదు చాల ఎక్కువే. తీయుకూలి మిగులును గాని, ఆ మిగులు ఖరీదుకు సరిపోవునో లేదో పొలములో వేసి చూడవలసిన సంగతి. జనగామ చెలకలలో సేంద్రియ పదార్థము తక్కువ, వేసవిలో తడియు ఉండదు. తడిలేని నేలలో సూక్ష్మజీవులు పని చేయవు. కనుక ఎక్కడనో తడినేలలో కరగిన షీటు బచ్చన్నపేట చెలకలో కూడ అంతే కాలములో కరగునని అనుకొనరాదు.

మోసము సంగతి చెప్పెదను. మామూలు పాలిథీనులో కొన్ని లోహలవణములు కలిపినచో ఎండకు అది పొడిపొడి యగును. ‘చూడుడు, కరగిపోయినది’ అని చూపుదురు. అది కరగుట కాదు, నలుగుట. నేను పనిచేయు మండలములో ఒక రైతు రెండేండ్ల క్రిందట ఇట్టి సరకు కొని, ఏడాది తిరుగకముందే షీటు కనబడుటలేదని సంతోషించెను. మేమిద్దరము ఒక గంప మట్టి నీటిలో కలిపి చూచితిమి. గోరంత, నూకంత వెండిపొరలు పైకి తేలినవి. ఆయన చాలసేపు మాటాడలేదు. పెద్దముక్కనైతే చేతితో ఏరవచ్చును, ఆ నూకను ఎవరు ఏరగలరు? ఐరోపాలో ఇట్టి సరకును 2021 జులై నుండి నిషేధించిరి. మన దేశమున 2024 మార్చిలో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థముల నియమములలో, మైక్రోప్లాస్టిక్కులు మిగుల్చకుండ జీవక్రియచే విచ్ఛిన్నమగునదే జీవవిచ్ఛిన్న ప్లాస్టిక్కు అని నిర్వచించిరి. అందుచే దుకాణములో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెటు చూపుమని నిస్సంకోచముగా అడగండి. కంపోస్టులో కరగునను సర్టిఫికెటు వేరు, పొలపు మట్టిలో కరగునను సర్టిఫికెటు వేరు. మల్చింగు షీటు కొఱకు ఐరోపావారు 2018లో పెట్టిన ప్రమాణము ప్రకారము, అందలి బొగ్గులో నూటికి 90 వంతులు రెండేండ్లలోపల మట్టిలో గాలిగా మారవలెను. చూపునకు మాయమగుట కాక ఈ కొలతయే నమ్మదగినది.

ఇక తన గాయమును తానే మాన్పుకొను ప్లాస్టిక్కు. దీనినిగూర్చి పత్రికలలో చదివి, డ్రిప్పు పైపులు కొరికెడి ఎలుకలకు, ఉడుతలకు మందు దొరకినదని కొందరు యువకులు సంబరపడుచున్నారు. తుమ్మచెట్టును గొడ్డలితో గంటు పెట్టినచో బంక ఊరి గంటు మూసికొనును గదా! అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున 2001లో అదే ఉపాయము చేసిరి. ప్లాస్టిక్కులో జిగురు నింపిన సూక్ష్మ గుళికలను కలిపిరి. పగులు వచ్చినచోట గుళిక చితికి, జిగురు కారి గట్టిపడును. 2008లో పారిస్‌లో లైబ్లర్ బృందమువారు కోసి నొక్కినచో తిరిగి అతుకుకొను రబ్బరు చేసిరి. మన హైదరాబాదు విశ్వవిద్యాలయమున పరిశోధన చేసిన సి. మల్లారెడ్డిగారు కలకత్తాలోని ఐజర్ సంస్థలో సహచరులతో కలిసి, విరిగిన మరుక్షణమే తమంతట అతుకుకొను స్ఫటికములను 2021లో లోకమునకు చూపిరి. అవి ప్లాస్టిక్కు కాకపోయినను గొప్ప పని. కాని ఉడుత పైపును పగులగొట్టదు, ముక్క కొరికి తీసికొనిపోవును. పగులు మానును గాని, పోయిన ముక్క తిరిగి రాదు. అట్టి పైపు వచ్చినదని ఎవరైన అమ్మజూపినచో డబ్బు మీ జేబులోనే ఉంచుకొనండి. చేనికుంటలలో పరచు మందపాటి పట్టాకైతే ఇది ఒకనాటికి ఉపయోగపడవచ్చునని నాకు ఆశ కలదు. పట్టా ఎంతకాలము నిలిచిన అంత మేలు. మల్చింగు షీటు పంట ముగిసినంతనే చావవలెను. రెంటిని ఒకే గాట కట్టరాదు.

షీటు పరచుటకు ఇచ్చు సహాయములో కొంత భాగమును, పంట ముగిసి షీటు తీసి తూకము వేసి అప్పగించిన తరువాతనే చెల్లించవలెనని నా మనవి. దీనికి పై అధికారులు ఒప్పుకొందురో లేదో! మల్యాల కృషి విజ్ఞాన కేంద్రమున, వరంగల్ పరిశోధన స్థానమున కరగు షీటును మన నేలలలో, మన పంటలలో రెండు మూడేండ్లు పరీక్షించిన తరువాతనే రాయితీ జాబితాలో చేర్చవలెను. పంచాయతీ కార్యదర్శులకు ఒక మాట: పంచాయతీకి ట్రాక్టరు కలదు, చెత్త వేయు యార్డు కలదు. మార్చి, ఏప్రిల్ నెలలలో వారమున కొక దినము చేలవైపు ట్రాక్టరును పంపినచో, గట్టుమీద కుప్పవేసి నిప్పు పెట్టు అలవాటు తగ్గును. ఆ పొగ పీల్చునది మీ ఊరి పిల్లలే.

ఈ ఏడు షీటు కొనువారు 25 మైక్రానులకు తక్కువది కొనకండి. పలుచనిది తీయునప్పుడు చేతిలోనే చినుగును. చివరి ఏరుడు అయిన వారములోపల, నేలలో ఇంకను తడి యుండగనే, ముందు కట్టె కోసి, బోదెకు ఇరువైపుల మట్టి పారతో వదులుచేసి, ఒక కొన నుండి ఇద్దరు నెమ్మదిగా లాగండి. ఎండిన తరువాత లాగినచో మట్టి పట్టివేయును, షీటు తునుగును. రోటవేటరు ఆ తరువాతనే. ‘కరగు షీటు’ అని కొన్నవారు అడుగు ముక్క ఒకటి, దాని బిల్లు నకలు రైతువేదికకు తెచ్చి ఇవ్వండి. పక్కనే పాలిథీను ముక్కతో కలిపి జాలిసంచిలో పెట్టి పాతెదము, రెండు నెలల కొకసారి మీరే వచ్చి త్రవ్వి చూడవచ్చును.