నేల ఉసిరికి పరీక్ష పెట్టమందాం

"మన అవ్వలకు తెలిసిన మందుకు మళ్లా పరీక్ష లెందుకు? అది మన విద్యను అవమానించుడే" అని మన సంఘం మిత్రులే కొందరు అంటున్నారు. ఆత్మకూర్ (ఎస్) చుట్టుపక్కల మీటింగుల్లో ఈ మాట చాలాసార్లు విన్నాను. మిత్రులారా, ఈ మాట మన వాడలకు ప్రాణాంతకం.

నేల ఉసిరి మనకు కొత్త కాదు. వానాకాలం చేన్ల గట్ల మీద మొలుస్తది. దొర చేన్ల కూలికి కలుపు తీసిన మన ఆడోళ్లే, ఇంట్లో ఎవరికన్నా పచ్చకామెర్లు అయితే ఆ కలుపును నూరి పసరు పోసిన్రు. దవాఖాన లేని కాలంల, ఉన్నా మనల్ని గడప తొక్కనియ్యని కాలంల అదే దిక్కు. దీన్ని మూఢనమ్మకమని నవ్వే చదువుకున్న బాబులు ఒక జవాబు చెప్పాలె. ఈ జాతి మొక్క మీదనే 1987లో అమెరికాలో పేటెంటు ఎట్ల వచ్చింది? తీసుకున్నది ఫిలడెల్ఫియాలోని ఫాక్స్ చేజ్ క్యాన్సర్ సెంటర్. అందులో పేరున్న బ్లంబర్గ్, హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ పొందినవాడు.

అయితే కథ అక్కడ ఆగలేదు. 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో తమ ఫలితం అచ్చువేశారు. నేల ఉసిరి పొడి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో బి-వైరస్ గుర్తు పోయింది. ఉత్తుత్తి మాత్ర మింగిన 23 మందిలో ఒక్కరికే పోయింది. లోకమంతా ఇటు తిరిగి చూసింది. తర్వాత థాయ్‌లాండ్‌లో, న్యూజిలాండ్‌లో చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. 2011లో ఇట్లాంటి ప్రయోగాలన్నీ ఒకచోట పెట్టి చూసిన కొక్రేన్ సమీక్ష, సరిపడా రుజువు లేదన్నది.

"మరి మా చిన్నాయనకు పసరుతోనే తగ్గింది గదా?" అంటారు. మురికి నీళ్లతో వచ్చే ఎ, ఇ రకం కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతయి. పసరు తాగినా తగ్గుతయి, తాగకున్నా తగ్గుతయి. తాగినోడు పసరుకు దండం పెడతడు, అంతే. అందుకే మందు ఇచ్చినోళ్లను, ఇయ్యనోళ్లను పక్కపక్కన పెట్టి లెక్క తీయాలె. అట్ల తగ్గనివి కూడా ఉన్నయి. ఇ రకం నెలలు నిండుతున్న గర్భిణికి సోకితే నూటికి 20 మంది దాకా చనిపోతారు. ఆమె చేతికి వాత పెట్టి, పథ్యం పేరుతో కడుపు మాడ్చి, మూడు వారాలు ఇంట్ల కూర్చోబెడితే ఆ రెండు ప్రాణాలకు జవాబుదారీ ఎవరు? అవ్వ కాదు. ఆమెకు ఇంకో దారి చూపని సర్కారు, ఆ దారి అడగొద్దంటున్న మనమూ.

ఇక కాలేజీల్లో జరిగే పరీక్ష చూడండి. ఎలుకలను గుంపులు చేస్తారు. ఒక గుంపును ముట్టరు. ఒక గుంపుకు కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే విషమో, మోతాదు మించిన పారాసిటమాలో ఇచ్చి కాలేయం చెడగొడతారు. మరో గుంపుకు విషంతో పాటు మొక్క సారం, ఇంకో గుంపుకు సిలిమారిన్ అనే మందు. తర్వాత రక్తంలో ఎస్.జి.పి.టి., బిలిరుబిన్ కొలుస్తారు, కాలేయం కోసి చూస్తారు. అంకెలు తగ్గితే కాలేయాన్ని కాపాడిందని పేపరు అచ్చయితది, డిగ్రీ వస్తది. మంచిదే. కాని చాలాసార్లు ఆ సారం విషానికి ముందే పోస్తారు. మన మనిషి మందుకు వచ్చేది కండ్లు పచ్చబడ్డంక. మన కాలేయాన్ని తినేది ఆ సీసాలోని విషం కాదు, మురికి నీళ్లు, బి-వైరస్, గుడుంబా. ఎలుకకు ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని రోజులు అన్నది రాసిపెట్టిన్రు. మనకు మాత్రం గుప్పెడు ఆకు లెక్క!

మొక్కే గదా, ఏమైతది అనొద్దు. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. ఎవరిది నిజమో తేలాలన్నా పరీక్షే కావాలె.

ఇంకో మోసం చట్టంలో ఉన్నది. 2002 జీవవైవిధ్య చట్టం, మొక్క విద్య తెలిసినోళ్లకు లాభంలో వాటా ఇయ్యాలన్నది. 2023 సవరణ ఏమన్నది? గ్రంథాల్లో ఎక్కిన విద్యను వాడుకుంటే ఆ బాధ్యత లేదన్నది. నేల ఉసిరి ఆయుర్వేద గ్రంథాల్లో భూమ్యామలకిగా ఎక్కి కూర్చున్నది. మనల్ని అక్షరం ముట్టనియ్యలేదు గనుక మన అవ్వ విద్య ఏ గ్రంథంలోనూ లేదు. కంపెనీ సీసా మీద ఋషి బొమ్మ ఉంటది, అవ్వకు కూలి కూడా రాదు.

పరీక్ష తేలేదాకా చేతిలో ఉన్నది వదులుకోవద్దు. హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే బి-వైరస్ టీకా తెచ్చింది. 2011 నుంచి దేశమంతటా పిల్లలకు ఉచితం. 2018 నుంచి హెపటైటిస్ పరీక్ష, మందులు సర్కారు ఖర్చు మీద ఇచ్చే కార్యక్రమం నడుస్తున్నది. కండ్లు పచ్చబడితే ముందు సూర్యాపేట సర్కారు దవాఖానకు పొండి, రక్తపరీక్ష అడగండి. గర్భిణి అయితే ఒక్క పూట ఆగొద్దు. కాన్పు అయిన 24 గంటల్లో బిడ్డకు టీకా వేసిన్రా అని నర్సమ్మను అడగండి.

2002 చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలె. వచ్చే గ్రామసభలో దాన్ని బయటికి తీయమనండి. నేల ఉసిరి ఉన్న పేజీ గట్టిగా చదివించండి. మందు తెలిసిన మన అవ్వల పేర్లు లేకుంటే అక్కడనే, అందరి ముందర రాయించండి.