విత్తనపు గింజలు తినేద్దామా?

కరువు వచ్చిన ఏడు రైతు ఇంట గాదె ఖాళీ అవుతుంది. పిల్లలు ఆకలికి ఏడుస్తారు. అయినా ఇంటి మూల ఒక కుండలో గింజలు భద్రంగానే ఉంటాయి. వాటి జోలికి ఎవరూ వెళ్ళరు. అవి విత్తనాలు. వాటిని తింటే ఈ పూట గడుస్తుంది, కాని వచ్చే ఏడు పొలంలో చల్లడానికేమీ మిగలదు. చదువురాని రైతుకు కూడా తెలిసిన ఈ లెక్కను చమురు విషయంలో చదువుకున్న మనమే మరచిపోతున్నామని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, వినండి. సబబుగా తోచకపోతే వాదించండి.

లీటరు పెట్రోలు చేసే చాకిరీ

ముందు చమురు విలువ తెలుసుకుందాం. ధర కాదు, విలువ. లీటరు పెట్రోలును మండిస్తే సుమారు 9 యూనిట్ల ఉష్ణశక్తి వస్తుంది. (యూనిట్ అంటే కిలోవాట్ గంట. మీ ఇంటి కరెంటు బిల్లులో ఉండేది అదే.) వాహనం ఇంజనులో ఇందులో ముప్పాతిక వంతు దాకా వేడిగా వృథా అవుతుంది. మిగిలిన పావు వంతే, అంటే రెండుంబావు యూనిట్లే పనిగా మారుతుంది. ఇక మనిషి సంగతి చూద్దాం. ఆరోగ్యవంతుడు 75 వాట్ల చొప్పున 8 గంటలు ఒళ్ళు వంచి పనిచేస్తే 0.6 యూనిట్లు అవుతుంది. భాగించి చూడండి. ఒక లీటరు పెట్రోలు దాదాపు నలుగురు కూలీల రోజు కష్టానికి సమానం!

ఇంత శక్తి ఎక్కడిది? ఎండదే. ప్రాచీన సముద్రాలలోని సూక్ష్మజీవులు సూర్యకాంతితో పెరిగి, చచ్చి, బురదలో పూడిపోయాయి. భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ కోట్ల సంవత్సరాల్లో అవి ముడిచమురుగా, సహజవాయువుగా మారాయి. ప్రకృతి అంతకాలం కూడబెట్టిన దాన్ని మనం కొద్ది తరాల్లో ఖర్చు చేస్తున్నాం.

ఇది వాహనాల గొడవే అనుకోకండి. మీ కంచంలోని అన్నంలోనూ చమురు ఉంది. పొలం దున్నిన ట్రాక్టరు, కోసిన యంత్రం, బియ్యం మోసిన లారీ డీజిలు తాగేవే. పైరుకు వేసిన యూరియాను మన దేశంలో తయారుచేసేది సహజవాయువు నుంచే. రామగుండంలో 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారం కూడా ఆ వాయువుతోనే నడుస్తుంది.

బావి ఒక్కసారిగా ఎండదు

"మా చిన్నప్పుడూ చమురు అయిపోతుందనే చెప్పారు. అయిపోయిందా?" అని మీ ఇంట్లో పెద్దలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1973లో అరబ్ దేశాలు సరఫరా తగ్గించినప్పుడు కొద్ది నెలల్లోనే పీపా చమురు ధర సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దాకా ఎగబాకింది. ప్రపంచం బెంబేలెత్తింది. కాని చమురు అయిపోలేదు. 1974లో మనకే బొంబాయి తీరాన సముద్రంలో పెద్ద నిక్షేపం దొరికింది. తర్వాతి కాలంలో అమెరికావారు గట్టి రాతిపొరలను పగలగొట్టి మరీ చమురు తీయడం నేర్చారు.

కాబట్టి ఫలానా సంవత్సరానికి చమురు నిండుకుంటుందని నేను చెప్పను. బావి ఒక్కసారిగా ఎండదు. నీళ్ళు లోతుకు పోతాయి, చేంతాడు పొడవు పెంచుకుంటూ పోవాలి. మన కాకినాడ తీరాన్నే చూడండి. అక్కడి సముద్రగర్భంలో 2009లో సహజవాయువు తీయడం మొదలైంది. మరుసటి ఏడే ఉత్పత్తి శిఖరానికి చేరింది. ఆ తర్వాత లోపలి ఒత్తిడి తగ్గి, బావుల్లోకి నీరు చొరబడి, నాలుగైదేళ్ళు తిరిగేసరికి పావు వంతు కూడా రాలేదు. ఆ వాయువును నమ్ముకొని ఆంధ్రప్రదేశ్‌లో కట్టిన కొన్ని విద్యుత్ కేంద్రాలు ఇంధనం లేక నిలిచిపోయాయి. తొలి బావులు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. అదే ఏడు డిసెంబరులో దగ్గరలోనే కొత్త బావులు పనిచేయసాగాయి. ఈసారి నీటి లోతే రెండు కిలోమీటర్లు దాటింది!

దేశం మొత్తం లెక్క కూడా ఇలాగే ఉంది. 2011-12లో మన నేలలో, మన సముద్రంలో 3.8 కోట్ల టన్నుల ముడిచమురు తీశాం. 2023-24కి అది 3 కోట్ల టన్నుల లోపుకు దిగింది. అవసరం మాత్రం పెరిగింది. ఇప్పుడు మనం వాడే ప్రతి 100 లీటర్లలో 85కు పైగా పరాయి దేశాల నుంచి కొనితెచ్చుకున్నవే. ఎక్కడో యుద్ధం వస్తే ఇక్కడ ధర పెరుగుతుంది. అప్పుడు కారున్న ఇల్లు కాసేపు సణుక్కుంటుంది. ఆటో నడిపితే గాని పూట గడవని ఇల్లు పస్తుంటుంది.

ఇంకొక మాట. ఉన్న చమురంతా తీయగలిగినా, అంతా మండించడం క్షేమం కాదు. దాని నుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువు భూమిని వేడెక్కిస్తున్నది.

తినడమా, విత్తడమా?

మరి చమురును ముట్టుకోవద్దా? అలా అనడం లేదు. కొంత తినక తప్పదు, కొంత తప్పక విత్తాలి. సౌరఫలకాన్నే తీసుకోండి. స్ఫటికశిల నుంచి సిలికాన్ తీయాలంటే పెద్ద కొలిమి కావాలి. ఫలకాన్ని ఓడలో, లారీలో తేవాలి. వీటన్నిటికీ ఇప్పుడు బొగ్గూ చమురే ఆధారం. కాని మన ఎండల్లో ఆ ఫలకం తన తయారీకి పట్టిన శక్తిని ఒకటి రెండేళ్ళలో తిరిగి ఇచ్చేస్తుంది. తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఇచ్చేదంతా పంటే. ఇది విత్తడం. రైలు మార్గానికి విద్యుత్ తీగలు వేయడం విత్తడం. రాత్రివేళ ఎండ ఉండదు గనుక పగటి విద్యుత్తుతో నీటిని పైకి తోడి నిల్వ చేయడం, శ్రీశైలం ఎడమగట్టున ఉన్నలాంటి కేంద్రాలు మరిన్ని కట్టడం కూడా విత్తడమే. వీధి చివరి కొట్టుకు మోటారు సైకిలు మీద పోవడం మాత్రం గింజల కుండలో చెయ్యి పెట్టడమే.

పొదుపు అంటే చీకట్లో కూర్చోవడం కాదు. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగును 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఇస్తుంది. లీటరు పెట్రోలుతో మోటారు సైకిలు ఒక మనిషిని 50 కిలోమీటర్లు తీసుకుపోతుందనుకుందాం. లీటరు డీజిలుతో బస్సు 5 కిలోమీటర్లే నడిచినా, అందులో 50 మంది ఉంటారు. ఎవరు పొదుపరో మీరే లెక్క కట్టండి. అందుకే కొత్త వంతెనలకన్నా ముందు, ఊరూరికీ వేళకు వచ్చే బస్సులు కావాలని అడగడం మన హక్కని నేనంటాను.

ఈ ఆదివారం మీరొక పని చేయండి. మీ ఇంట్లో నెలకు ఎన్ని లీటర్ల పెట్రోలు, డీజిలు వాడతారో అడిగి రాసుకోండి. లీటరుకు నలుగురు చొప్పున గుణించండి. అంతమంది కూలీలు ఆ నెలంతా మీ ఇంటికి ఏయే పనులు చేశారో ఎదురుగా రాయండి. వారిలో ఎందరు విత్తారో, ఎందరు ఊరికే తిన్నారో అప్పుడు తెలుస్తుంది.