ఓబీ గుట్ట ఎదుట అడవి సినిమా

సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ తన పిత్రార్జితం 70 ఎకరాలను అడవిగా పెంచారు. బ్యాంకు ఉద్యోగం వదిలి, నల్లగొండ నీళ్ల కోసం జల సాధన సమితి పెట్టిన మనిషి. ఆ అడవిలో కొమ్మ నరకరు, కాయ అమ్మరు. ఇలా అడవిని కాపాడుకున్న కుటుంబాల మీద తీసిన డాక్యుమెంటరీని రామగిరి మండలంలో, సింగరేణి బొగ్గు గని కార్మికులుండే సెంటినరీ కాలనీలో తెర కట్టి వేద్దామన్నాడు ఒక మిత్రుడు. సరేనన్నాను. ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది.

చూసేదెవరు? మొదటి షిఫ్ట్ దిగినవాళ్లు స్నానం చేసి వస్తారు. రెండో షిఫ్ట్ వాళ్లు ఇంకా బొగ్గు బాయిలోనే ఉంటారు. నైట్ షిఫ్ట్ వాళ్లు డబ్బా పట్టుకుని మధ్యలోనే లేస్తారు. కదలకుండా చివరిదాకా కూర్చునేది ఓపెన్‌కాస్టు గనికి భూమి పోయినవాళ్లు. సత్యనారాయణ అమ్మనన్నారు, అడవి నిలిచింది. భూసేకరణ నోటీసు అందిన రైతుకు ఆ మాట అనే వీలే లేదు; ఎకరానికెంత, ఇంటికెంత, ఇంట్లో ఒకరికి నౌకరీ ఇస్తరా అన్నదే బేరం. చప్పట్లు కొట్టమంటే 'మమ్మల్నెవరడిగిండ్రు?' అంటారు. అనాల్సిందే. పైగా రెండెకరాల ఆసామి పంట మానేసి చెట్లకు వదిలితే పొయ్యి వెలగదు.

అలాగని, బొగ్గు మీద బతికే ఊరికి అడవి సినిమా ఎందుకనే వాదన నాకు మింగుడుపడదు. 1889లో ఇల్లెందు దగ్గర మొదలైన సింగరేణి తవ్వకాలు ఎన్ని ఇళ్లకు అన్నం పెట్టాయో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. గని కోసం అటవీ భూమి తీసుకుంటే మరోచోట మొక్కలు పెంచాలి, 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అదొక షరతు. బొగ్గు కోసం పైనుంచి తవ్వి పోసిన రాయీ మట్టీ, అదే ఓవర్‌బర్డెన్, ఆ ఓబీ గుట్టల మీద కూడా కంపెనీ నాటుతోంది. నాటడం మంచిదే, కాదనను. కానీ పక్కనే ఉన్న రామగిరి ఖిల్లా అడవికి వృక్షశాస్త్రం విద్యార్థులు వచ్చేది ఎవరూ నాటని మందుమొక్కల కోసం. అక్కడ ఎండుటాకులు పక్కకు జరిపి వేలు గుచ్చితే మట్టిలోకి దిగుతుంది. ఓబీ గుట్ట మీద గడ్డపార వేస్తే రాయి ఖంగుమంటుంది. కాగితం మీద మాత్రం రెండూ హెక్టార్లే.

ఈ తేడా తెర మీద కనపడుతుందనే నా ఆశ. అందుకే మిత్రుడికి ఫోన్ చేశాను: ఆదివారం పొద్దుగూకాక పెట్టు, ముందు మైకు భూమి పోయినవాళ్లకియ్యి, సినిమా తర్వాత. 'వాళ్లు మాట్లాడుతూనే ఉంటే?' అన్నాడు. సినిమా ఇంకో ఆదివారం వేద్దామన్నాను.